బాపు వండిన ఏడాది

మా కింది అంతస్తులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. మొన్న మెట్ల దగ్గర కనిపించి, "ఆంటీ, ఇంటికొచ్చేసరికి ఏడైతుంది. జల్ది అయ్యేటివి, జర రుచిగ ఉండేటివి రెండు మూడు చెప్పరా?" అని అడిగింది. పచ్చిపులుసు చెప్పాను, కాల్చిన వంకాయ తొక్కు, అదే పచ్చడి, చెప్పాను, శనగపిండితో పది నిమిషాల్లో అయ్యే పిట్ల చెప్పాను. పాపం శ్రద్ధగా ఫోనులో రాసుకుంది. "మీ అమ్మ నేర్పిందా?" అంది చివర్న. "కాదమ్మా, మా బాపు" అన్నాను. మర్యాదకు నవ్విందే కానీ నమ్మినట్టు లేదు. పైకి వచ్చి కూచున్నాక ఆ రోజంతా మరో పని మీద మనసు పోలేదు.

మా అవ్వ, అంటే అమ్మ, పోయేనాటికి నాకు పదేళ్ళు. అప్పుడు మేము హుజూరాబాద్‌లో ఉండేవాళ్ళం. బాపు తాలూకా కచేరీలో గుమాస్తా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులు, ఎక్కడివాళ్ళను ఎక్కడికో బదిలీ చేస్తున్నారు. అవ్వ పోయిన రెండు నెలలకే బాపుకు చెన్నూరుకు హుకుం వచ్చింది. అవ్వకు అక్క ఉండేది, అదే ఊళ్ళో, నిండు సంసారం. నన్ను తన దగ్గర వదిలిపెట్టి పొమ్మని ఆమె పట్టుపట్టింది. బాపు సాధారణంగా ఎవరి మాటకూ ఎదురు చెప్పే మనిషి కాడు. ఆ రోజు మాత్రం తల దించుకునే, "నాతోనే వస్తది వదినె" అన్నాడు. పెద్దవ్వ నా వంక వేలు చూపించింది. "సూడు మరిదీ, మొగోడు వండిన కూడు తిని ఆడపిల్ల పెరుగుతదా? సరే, ఒక్క ఏడాది సూస్త. మల్ల ఎండకాలం వస్త. పిల్ల బక్కగైందో, ఎంటనే తోల్కపోత" అంది. అలా నా ఒంటి మీది కండ మా ఇద్దరికీ పరీక్షయి కూచుంది.

పెద్దపల్లిలో రైలెక్కి మంచిర్యాలలో దిగి, అక్కణ్ణించి బస్సులో దుమ్ము కొట్టుకుంటూ చెన్నూరు చేరాం. రెండు గదుల ఇల్లు. గోదావరి కొంచెం దూరం. సరిహద్దు అవతలి మరాఠీ మాట ఇవతల మా బజార్లోనూ వినబడేది. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలామె కూడా అటు మనిషే. నన్ను తనను మావశీ అని పిలవమంది, అంటే వాళ్ళలో చిన్నమ్మ. బాపును ఆమె భావూ అనేది, అంటే అన్న. ఆమెకంటే బాపు ఇరవై ఏళ్ళు చిన్న కాబట్టి ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన కొంచెం ఇబ్బందిపడేవాడు.

మొదటి సాయంత్రం బాగా గుర్తు. బాపు కచేరీ నుంచి పొద్దుగూకే వేళకు వచ్చి, షేర్వాణీ కూడా విప్పకుండా పొయ్యి ముందు కూచున్నాడు. కందిపప్పు ఎసట్లో పోశాడు. అది ఎంతకీ ఉడకదు. కట్టెలు పచ్చివి, పొగకు ఇద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఆకలికి ఓర్చుకోలేక నేను గోడకానుకుని కూచుంటే, చివరికి ఆ ఉడకని పప్పునే అన్నంలో వేసి పెట్టాడు. పళ్ళ కింద ఇసుకలా కరకరలాడింది. "ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు. "మంచిగున్నది" అన్నాను. తనూ ఒక ముద్ద తిన్నాడు. మర్నాడు పొద్దున కచేరీకి పోతూ పోతూ పప్పు కడిగి నీళ్ళలో నానబోసి పోయాడు. సాయంత్రానికి అది ఉబ్బి, నాలుగు పొంగులకే మెత్తబడింది. ఆ రోజు బాపు ముఖంలో ఒక పెద్ద మిసిలు, అంటే ఫైలు, పరిష్కరించిన గుమాస్తా సంతోషం కనబడింది.

అక్కణ్ణించి ఆయన వంటను కచేరీ పనిలాగే మొదలుపెట్టాడు. పాత కాగితాల వెనకవైపు, ఆ రోజు ఏం చేసిందీ ఎలా కుదిరిందీ రాసుకునేవాడు. చదువంతా ఉర్దూలో సాగినవాడు కాబట్టి ఆ రాతా ఉర్దూలోనే. నాకు పైకి చదివి వినిపించేవాడు. ఇన్ని నీళ్ళు, ఇంత చింతపండు, మూడు మిరపకాయలు, ఉప్పు హస్బే జరూరత్. అంటే ఏమిటని అడిగితే "ఎంత గావాల్నో గంత" అన్నాడు. "ఎంత గావాలె మరి?" అన్నాను. బాపు కాగితం తిప్పి చూసి, "గదే తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు.

తెలియనిదల్లా నన్నే అడిగేవాడు. "అవ్వ పచ్చిపులుసుల ఏమేసేది, యాదికున్నదా?" నేను కళ్ళు మూసుకుని అవ్వ చేతులను గుర్తు చేసుకునేదాన్ని. నిప్పుల మీద కాల్చిన మిరపకాయలు, పిసికిన ఉల్లిగడ్డ, వేయించి దంచిన నువ్వులు. ఒకసారి నువ్వులు అయిపోయాయి. ఇంట్లో ఉన్నవి పల్లికాయలే. బాపు వాటినే వేయించి, పొట్టు ఊది, దంచి పులుసులో కలిపాడు. "అవ్వ గిట్లనే చేసేది" అన్నాను నేను, ఆయన అడక్కముందే. అవ్వ ఎన్నడూ అలా చెయ్యలేదు. అది ఆయనకూ తెలుసు. "అవు, గిట్లనే చేసేది" అన్నాడు. అవ్వ గురించి మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ వంట ఒక్కటే సాకు. పొయ్యి ముందు తప్ప మరెక్కడా ఆ మాట మా నోట వచ్చేది కాదు.

పిట్ల మావశి నేర్పింది. గడప అవతలే కూచుని, చేతులు తిప్పుతూ చెప్పేది. "నూనె కాగినంక ఎల్లిపాయ వెయ్యి భావూ. శనగపిండి నీళ్ళల్ల కలుపుకొని పొయ్యి. గట్ల గుమ్మరియ్యకు! హళూ హళూ." ఆ హళూ హళూ అంటే మెల్లమెల్లగా అని. బాపు మెల్లగా పోశాడు, అయినా ఉండలు కట్టింది. నాలుగోసారికి కుదిరింది. జొన్నరొట్టెలు కొట్టడం కూడా అలాగే వచ్చింది. కొన్నాళ్ళు అవి ఏ జిల్లా నక్షాకూ, అంటే పటానికీ, తీసిపోకుండా ఉండేవి. మిగిలిన అన్నం మెత్తగా పిసికి, బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చెయ్యడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది బాపు సొంత తెలివి. గిన్నె అడుగుకు అద్ది కాలిస్తే అంచులు కరకర, నడుమ మెత్తన. ఇప్పటికీ నేను అలాగే చేస్తాను.

ఇంత చెప్పానని ఆ ఇల్లు కళకళలాడేదనుకోకండి. బడి నుంచి నాలుగింటికి వచ్చేదాన్ని. బాపు వచ్చేదాకా ఇంట్లో గాలికి తలుపు కదిలినా ఉలిక్కిపడేదాన్ని. అవ్వ పెట్టిపోయిన మామిడికాయ తొక్కు జాడీ ఒకటి మాతో వచ్చింది. ఏమీ తోచనప్పుడు దాని మూత తీసి వాసన చూసి మళ్ళీ కట్టేసేదాన్ని. ఎంత పొదుపుగా వాడినా మాఘమాసానికి అది అడుగంటింది. ఆ సాయంత్రం బాపు వేడన్నం జాడీలోనే వేసి, చుట్టూ తుడిచి కలిపి, ముద్దలన్నీ నా తల్లెలోనే, అంటే కంచంలోనే, పెట్టాడు. "నువ్వు తినవా?" అంటే "నాకు కడుపుల మంచిగ లేదు" అన్నాడు. నేను తింటుంటే కడిగిన జాడీని పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. చాలాసేపు లోపలికి రాలేదు.

వైశాఖం ఎండల్లో అన్న మాట ప్రకారం పెద్దవ్వ దిగింది. దిగుతూనే, సంతలో మేకపిల్లను చూసినట్టు నా జబ్బ పట్టుకుని నొక్కి చూసింది. తర్వాత చెంపలు. తర్వాత బాపు వంక తిరిగి, "పిల్ల మంచిగనే ఉన్నది. నువ్వేంది మరిదీ గిట్ల ఎండిపోయినవు?" అంది. బాపు నవ్వాడు. ఆ సాయంత్రం కచేరీ నుంచి వచ్చి మామూలుగానే వండాడు. జొన్నరొట్టె, పిట్ల, వంకాయ తొక్కు, పచ్చిపులుసు. పెద్దవ్వ పచ్చిపులుసు రెండోసారి పోయించుకుంది.

"పులుసుల పల్లికాయలేసినవా?"

"నువ్వులు ఒడిసినయి వదినె. గప్పటిసంది గివే ఏస్తున్న."

"మా చెల్లె గిట్ల చెయ్యకపోవు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయినా మంచిగున్నది. నేను మాటిచ్చిన మరిదీ. పిల్ల నీ తాననే ఉండనీ."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గెలిచాం అనుకున్నాను. బాపు చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్ళీ కూచుని, "లేదు వదినె. తోల్కపో" అన్నాడు.

పెద్దవ్వకు కోపం వచ్చింది. "ఏడాది గింత తిప్పలు పడి, గిప్పుడు తోల్కపొమ్మంటవా? మతిగిన పోయిందా?"

"పిల్ల ఐదు పాసైంది. గా బడి గంతవరకే. ఆరునుంచి మొగపోరగాండ్ల బడి, అండ్ల ఒక్క ఆడపిల్ల లేదు. మీ ఊర్ల ఆడపిల్లల బడి ఉన్నది" అన్నాడు బాపు. ఈ సంగతి ఆయనకు ఏడాది మొదట్లోనే తెలుసునని నాకు అప్పుడు అర్థమయింది. పప్పు నానబోసిన రోజున కూడా తెలుసు. నేను తల్లె తోసేసి లేచాను. "నేను మంచిగనే తిన్న గద బాపూ! ఏం తప్పు జేసిన?" అని అరిచాను. ఆయన నన్ను దగ్గరికి లాక్కున్నాడు. చేతులు చింతపండు వాసన. "తిన్నవు బిడ్డా. నీ తప్పేం లేదు. అన్నమంటే వండిపెట్టగల్గిన. సదువు నాతోని కాదు" అన్నాడు.

పెద్దవ్వ ఇంట్లో పూటకు పన్నెండు విస్తళ్ళు లేచేవి. కూరలు మూడు, పప్పు, చారు, పెరుగు. ఎవరూ నన్ను తక్కువ చెయ్యలేదు. అయినా, ఎలా ఉన్నదని అడిగేవాళ్ళు లేని అన్నం నాకు రుచించేది కాదు. వారం వారం బాపు దగ్గర్నుంచి కార్డు వచ్చేది. నాకు ఉర్దూ రాదు కాబట్టి, నా పలక మీద దిద్దుకున్న తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా, పుస్తకాల భాషలో రాసేవాడు. "నేడు పిట్ల చేసితిని. ఉండలు కట్టలేదు. నీవు ఉన్నచో రెండు రొట్టెలు తినియుందువు." మరో వారం పుంటికూర, అదే గోంగూర, పప్పు. ఇంకో వారం సర్వపిండి, కొంచెం మాడెను. క్షేమసమాచారాలు ఒక్క ముక్కలో ముగించి మిగతా కార్డంతా వంటే రాసేవాడు. వాటిని దిండు కింద పెట్టుకుని, ఆకలి లేని పూట తీసి చదువుకునేదాన్ని.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవులకు అటు పోతున్న ఊరివాళ్ళ వెంట పెద్దవ్వ నన్ను చెన్నూరు పంపింది. చేరేసరికి మధ్యాహ్నం, బాపు కచేరీలో ఉన్నాడు. తాళంచెవి మావశి దగ్గర తీసుకుని తలుపు తీశాను. వంటింట్లో కూర వండే కంచుడు బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము. పొయ్యిలో బూడిద లేదు. మూలన నేను పోయేనాడు పేర్చిన కట్టెలు దాదాపు పేర్చినట్టే ఉన్నాయి, కింది వరసకు చెదలు పట్టింది. జీలకర్ర డబ్బా తీస్తే పురుగులు.

మావశి గడప అవతల నిలబడి ఉంది. "భావు పొయ్యి ముట్టియ్యలే బేటా. నువ్వు పోయినంక రెండు మూడు దినాలు వండిండు. తర్వాత బస్, అంతే. మాపటికి అటుకులు, మజ్జిగ. నేను రొట్టె తెస్తే వద్దంటడు. నేను వండుకున్న అంటడు" అంది.

నా సంచీలో బాపు రాసిన కార్డులన్నీ ఉన్నాయి. ఆ పుంటికూర పప్పు, ఆ పిట్ల, ఆ మాడిన సర్వపిండి, అన్నీ ఆయన కూచుని కాగితం మీద వండినవి. సంచీ మూలన పెట్టాను. తర్వాత పొయ్యి తుడిచి అలికాను. మావశి దగ్గర శనగపిండి, ఎల్లిపాయలు అడిగి తెచ్చాను. పొద్దు వాలే వేళకు కట్టెలు ముట్టించాను.

కిటికీలోంచి వీధి మలుపు కనిపిస్తుంది. బాపు అక్కడికి వచ్చి, మా ఇంటి మీద పొగ చూసి ఆగిపోయాడు. తర్వాత నిదానంగా నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా తల మీద చెయ్యి వేసి, పీట మీద కూచున్నాడు. చాలా చిక్కిపోయాడు. వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండా, "కట్టెలు తడిగ లేవు గద?" అని అడిగాడు.

"లేవు బాపూ. మంచిగ ఎండినయి" అన్నాను.

అంతకుమించి ఆ విషయం మేము ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ సెలవులన్నాళ్ళూ రోజూ వండాను. ఆయన రోజూ కచేరీ నుంచి పొద్దుండగానే వచ్చేవాడు. నేను వెనక్కి పోయాక మళ్ళీ కార్డులు వచ్చాయి, మళ్ళీ అవే వంటలు. నేనూ ప్రతిసారీ నోరూరింది బాపూ అని జవాబు రాశాను. పెద్దయ్యాక ఎప్పుడో ఒకసారి, ఎందుకట్ల రాసినవు అని అడగవచ్చులే అనుకున్నాను. నేను టీచరు ట్రెయినింగులో ఉండగానే ఆయన పోయాడు. తన ఒక్కడి కోసం సాయంత్రం పొయ్యి ముట్టించుకోవడం మనిషికి ఎంత కష్టమో, నేనూ ఇంట్లో ఒక్కదాన్నే మిగిలి, తెలుసుకోవడానికి ఆ తర్వాత నలభై ఏళ్ళు పట్టింది.