ఆరితేనే కనిపించే మచ్చ

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో పక్క సీటు మనిషి నా ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాడు. నేను చూస్తున్నవి మా అమ్మాయి ముందుపన్ను ఫొటోలు. దాని మీద తెల్లమచ్చ పడింది. ఇది పిప్పికి మొదలనీ, తాను రాసిచ్చిన పేస్టు రోజూ పూస్తే పన్ను మళ్లీ గట్టిపడుతుందనీ సూర్యాపేట డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. మొదటి ఫొటో ఆమె గదిలోనే తీశాను. తర్వాత ప్రతి ఆదివారం ఇంట్లో తీసి, స్కేలు పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్ల మచ్చ ఒకటికి వచ్చింది. దాదాపు పోయినట్టేనని, ఇక పేస్టు మానేద్దామనుకున్నాను.

"ఎవల పన్నే అన్నా?" అన్నాడతను. ఏదో దవాఖానకు మనుషుల్ని పట్టుకొచ్చేవాడేమోనని ఫోన్ పక్కకు తిప్పాను.

"దాస్తవేందే, పన్నేమన్న పీక్కపోతనా?" అని నవ్వాడు. "రైసుమిల్లుల బియ్యం శాంపిల్ సూస్త నేను. పొట్ట తెలుపు గింజ, గదే నడుమ సున్నం లెక్క మచ్చ ఉండేది, ఆరితేనే కనబడ్తది. తడి మీద మంచి గింజ లెక్కనే ఉంటది. నీ మొదటి ఫొటోల పన్ను ఆరి ఉన్నది. మిగిలినయన్ని తడికి మెరుస్తున్నయ్."

ఆ మొదటి ఫొటోకు ముందు డాక్టరమ్మ గాలి కొట్టి పన్ను ఆరబెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇది చెప్పడంలో ఇతనికేం లాభమని ఆలోచించాను. ఏమీ తేలకముందే మిర్యాలగూడ పొలిమేరలో దిగిపోయాడు.

ఇంట్లో పన్ను దూదితో తుడిచి, విసనకర్రతో ఆరబెట్టి కొలిచాను. మూడు మిల్లీమీటర్లు.

"మొత్తం పోతున్నదన్నవ్ గద నాన్నా?" అంది అమ్మాయి.

"తగ్గుతున్నది బిడ్డా. నేను చెప్పినంత గాదు," అని పేస్టు మూత తీశాను.