కోళ్ల గంపకు చల్లగాలి

మొన్న మా బావను కీసరలో దింపి ఒంటరిగా తిరిగి వస్తున్నాను. షామీర్‌పేట దాటి మేడ్చల్ దారిలో పడేసరికి ఎండ మండిపోతోంది. నా పాత కారులో ఏసీ మాత్రం చిన్న చప్పుడైనా లేకుండా చల్లగాలి కొడుతోంది. సంతోషించాల్సింది పోయి నాకు మనసు ఒక చోట నిలవలేదు. మీట పెంచి చూశాను, తగ్గించి చూశాను, పూర్తిగా ఆపేసి మళ్లీ వేశాను. గలగల రాలేదు. ఏ చప్పుడు పోవాలని ఇన్నేళ్లూ మెకానిక్‌లందరితో తగవు పడ్డానో అది నిజంగానే పోయాక, పక్కసీట్లో కూర్చుని మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి దిగిపోయినట్టు అనిపించింది.

ఆ చప్పుడు కథ చెప్పాలంటే కారు కొన్న రోజుల దగ్గరికి వెళ్లాలి. నేనప్పుడు మేడ్చల్ దగ్గరి ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. మా ఆఫీసరు కొత్త బండి తీసుకుంటూ తన పాతది నాకు అమ్మారు. మన ఈడు వాళ్లకు తెలియనిది కాదు, ఆ రోజుల్లో ఏసీ అంటే బీరువాలోని గాజు కప్పుల్లాంటిది, చుట్టాలొస్తేనే బయటికి తీసేవాళ్లం. మిగతా రోజుల్లో అద్దాలు దించుకుని తిరిగేవాళ్లం. షామీర్‌పేట చెరువు మీది నుంచి వచ్చే గాలికి ఏసీ గుర్తే వచ్చేది కాదు. అయినా మా చుట్టాల్లో ఏసీ ఉన్న మొదటి కారు నాదే. ఆ మాట నేను ఎవరికీ చెప్పకుండా ఉండలేదు.

కొత్తగా ఇంటికొచ్చిన బండికి హారతి ఇవ్వాల్సింది ఆ ఇంటి ఆడబిడ్డ. అందుకని కీసర నుంచి అక్కను, బావను పిలిపించాను. అక్క పసుపు కలిపిన అక్షింతలు పళ్లెం నిండా తెచ్చింది. అందరిలా బానెట్ మీద నాలుగు చల్లి ఊరుకునే మనిషి కాదామె. బండి కదలగానే అక్షింతలు గాలికి ఎగిరిపోతే దీవెన రోడ్డు పాలైనట్టేనని ఆమె నమ్మకం. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర సన్నటి కంతలు వరసగా ఉంటాయి కదా, ఆ కంతల్లోకి గుప్పెడు గుప్పెడుగా అక్షింతలు, బంతిపూల రేకులు వేలితో నెట్టి కుక్కింది. ఆమె ఇంకా ఏదో సర్దుతుంటే నేను తొందర పెట్టాను, కీసరలో చుట్టాలింట లగ్నపత్రిక ఉంది, అందరం అదే బండిలో పోవాలి. లోపలికి గాలి పీల్చుకునే దారి ఆ కంతలేనని మాలో ఎవరికి తెలుసు?

ఇంటి అల్లుడని బావను ముందు సీట్లో కూర్చోబెట్టాను. తెల్లటి ఇస్త్రీ బట్టల్లో ఆయన కూర్చున్నాడు. నేను అద్దాలన్నీ బిగించి, ఎంతో గర్వంగా ఏసీ మీట తిప్పాను. గలగలమని చప్పుడు మొదలైంది, వెనకే ముక్కిపోయిన వాసన, గాలి చూస్తే వెచ్చన. షామీర్‌పేట వచ్చేదాకా బావ జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ ఓపిక పట్టాడు. అక్కడ బండి ఆపించాడు.

"ఏం బామ్మర్ది, గిది ఏసీనా, కోళ్ల గంపనా? గీ వాసనేంది, గీ లొల్లేంది! మీరు పోండ్రి, నేను ఆటోల వస్త."

ఆ తెల్ల బట్టలతోనే, అప్పటికే కిక్కిరిసిన సెవెన్ సీటర్ ఆటోలో, ఒకాయన ఒళ్లో సగం కూర్చుని పోయాడు కానీ నా కారులో రాలేదు. మేం చేరేసరికి లగ్నపత్రికకు వచ్చిన వాళ్లందరికీ కథ చెప్పేశాడు. ఆ రోజు నుంచి మా చుట్టాల నోట నా కారు పేరు కోళ్ల గంప. పిల్లలు కూడా, "మామా, గంప తెచ్చినవా?" అని అడిగేవాళ్లు. ఆ రోజు అక్క ఎవరి వైపూ మాట్లాడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మరిచిపోయే మనిషిని కాను.

తర్వాత ఎన్ని షెడ్లు తిరిగానో. సూరారంలో ఒకతను బేరింగు పోయిందన్నాడు, బౌరంపేట్ దారిలో ఇంకొకతను బెల్టు మార్చాడు. ప్రతి ఎండాకాలం అందరూ చేసే పని మాత్రం ఒకటే, గ్యాస్ కొట్టడం. పది రోజులు కాస్త చల్లగా ఉన్నట్టుండి మళ్లీ మొదటికే వచ్చేది, గలగల మాత్రం ఒక్కరోజూ పోలేదు. దసరా దసరాకు అక్క వచ్చి ఆయుధపూజకు మళ్లీ ఆ కంతల్లోనే అక్షింతలు కుక్కేది. బావ వాకిట్లోనే నిలబడేవాడు, కారు దగ్గరికి వచ్చేవాడు కాదు. అక్క పోయాక దసరాలకు ఎవరూ రాలేదు. బావకూ నాకూ మధ్య ఉన్న కొద్దిపాటి మాటలు కూడా సన్నగిల్లాయి. ఆయన్ను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చల్లటి ఏసీలో కూర్చోబెట్టి అప్పుడేమన్నావో ఇప్పుడను అని అడగాలన్న కోరిక మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

ఈ ఎండాకాలం ఆ అవకాశం దానంతట అదే వచ్చింది. బావకు మేడ్చల్‌లో కంటి ఆపరేషన్ అయింది. దుమ్ము, వేడి తగలకుండా ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడట. మా మేనల్లుడికి ఉన్నది మోటారు సైకిలే. ఇంటికి పంపే ముందు రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మామా, నీ కారు ఏసీ నడుస్తాందా? లేకుంటే క్యాబ్ బుక్ చేస్త."

ఆ 'లేకుంటే' దగ్గర నా చెవి ఆగిపోయింది. నడుస్తుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. నిజానికి ఈ ఏడాది ఆ వెచ్చటి గాలి కూడా రావడం మానేసింది. అప్పటికప్పుడు హైవే పక్కన ఉన్న ఏసీ షెడ్డుకు పోయాను. మిస్త్రీ మాటకారి, బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు.

"గ్యాస్ కొడితే మంచుగడ్డే సార్. ఫికర్ జెయ్యకుండ్రి."

గ్యాస్ మాట ఎత్తితే ఊరుకోనని, ఈసారి డ్యాష్‌బోర్డు విప్పి చూడాల్సిందేనని పట్టుబట్టాను. పాత ప్లాస్టిక్ విరుగుతుందన్నాడు, మళ్లీ అలాగే బిగుస్తుందో లేదో చెప్పలేనన్నాడు, ఈ బండిని అమ్ముకోక ఎందుకీ పరేషాన్ అని కూడా అన్నాడు. విరిగితే విరగనీ, విప్పు అన్నాను. మర్నాడు పొద్దున్నే బావ ఆసుపత్రి మెట్ల మీద ఎదురుచూస్తుంటాడు, క్యాబ్ వస్తే ఇక ఈ జన్మలో కోళ్ల గంప మాట పోదు. కుర్చీ వేశారు కానీ కూర్చోలేదు, ఆ షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రానికి మిస్త్రీ గట్టిగా పిలిచాడు.

"సార్, మీ బండిల పెండ్లి గిట్ల అయిందా ఏంది?"

పోయి చూస్తే గాలి తిప్పే చక్రంలో, చల్లబరిచే కాయిల్ మీద, మూల మూలనా బియ్యం. దుమ్ముపట్టి నల్లబడ్డవి కొన్ని, ఇంకా పసుపు వదలనివి కొన్ని, ఎండి పొడైన బంతి రేకులు. ఇన్నేళ్లూ గలగలమన్నవి అవే. మిస్త్రీ అవన్నీ పళ్లెంలోకి ఎత్తి పారబోయబోతుంటే లాక్కుని, పసుపు ఉన్న గింజలు ఏరి కాగితంలో పొట్లం కట్టుకున్నాను. అతను అంతా కడిగి బిగించి, మళ్లీ ఏమీ పడకుండా, నేను చెప్పినట్టే ఆ కంతల మీద సన్నటి ఇనుప జల్లెడ గట్టిగా బిగించాడు.

మర్నాడు బావ నల్ల అద్దాలు పెట్టుకుని, మేనల్లుడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. ముందు సీట్లో కూర్చుంటూనే, "ఏం బామ్మర్ది, కోళ్ల గంప ఇంక నడుస్తాందా?" అన్నాడు. నేను మీట తిప్పాను. మేనల్లుడు వెనక మోటారు సైకిల్ మీద వస్తున్నాడు. చాలా దూరం బావ తల వంచి వింటున్నట్టే కూర్చున్నాడు.

"చప్పుడు వస్తలేదేంది?"

ఎన్నేళ్లుగానో దాచుకున్న మాట నాలుక చివరికి వచ్చింది. దానికి బదులు పొట్లం ఆయన చేతిలో పెట్టాను. కన్ను సరిగ్గా ఆనక వేళ్లతో తడిమాడు.

"బియ్యమా?"

"అక్షింతలు బావా. అక్క కుక్కినయి. ఏసీల కెళ్లి తీసిండ్రు."

షామీర్‌పేటలో ఆయన ఆనాడు దిగిపోయిన చోటు వచ్చింది, పోయింది. ఆయనకు కనపడలేదు, నేనూ చెప్పలేదు. అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్ల గేట్లు ఉన్నాయి, ఆటోలు నిలబడేంత జాగా కూడా లేదు. అది దాటాక అన్నాడు.

"అక్షింతలు గండ్ల కుక్కినట్టు నా తోని గూడ చెప్పలే గామె. గట్లయితే గిన్నేండ్లు నేను మీ అక్క దీవెననే కోళ్ల గంప అన్న."

ఆ మాటకు నేను గెలిచానో ఓడానో తేల్చుకునే లోపల ఆయన పొట్లం మడిచి జేబులో వేసుకున్నాడు. నన్ను అడగలేదు. నా కారులో దొరికినవి, నేను కూర్చుని ఏరినవి, మా అక్క చేతివి. ఇంటి దగ్గర దిగేటప్పుడు తిరిగి ఇస్తాడేమోనని చూశాను. జేబు మీద చెయ్యి వేసుకునే లోపలికి వెళ్లిపోయాడు. ఇది కూడా నేను మరిచిపోను.

ఇప్పుడు ఏసీ లేకుండా ఆ దారిలో పోలేం. చెరువు గాలి రోడ్డు దాకా రాదు, వచ్చేదంతా టిప్పర్ల దుమ్మే. అద్దాలు బిగించుకుని పక్కపక్కనే ఎన్ని బండ్లు పోతున్నాయో, ఎవరి బండిలో ఎవరున్నారో తెలియదు. నా బండి కూడా వాటిలాగే చల్లగా, నిశ్శబ్దంగా పోతోంది. అద్దం కింద కంతలకు జల్లెడ గట్టిగా ఉంది, ఒక్క గింజ కూడా పోదు. అంత గట్టిగా ఎందుకు బిగించమన్నానో తెలియదు, ఇక అందులో కుక్కే వేళ్లే లేనప్పుడు.