ముగ్గురూ గెలిచిన ఎన్నిక

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది నేను ప్రొద్దుటూరులో కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టరును. రాజుపాలెం దగ్గర ఒక ఊళ్ళో సహకార సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక జరిపించమని పంపారు. మూడు వీధులు, వీధికొక అభ్యర్థి: పైవీధి ఓబుల్ రెడ్డి, నడివీధి పంతులు, కిందివీధి పుల్లయ్య. కిందటి ఎన్నికలో కట్టెలు లేచి ఒకాయనకు కన్ను పోయిందని దారిలోనే విన్నాను.

చేతులెత్తమన్నాను. రెడ్డికే ఎక్కువ లేచాయి, పంతులుకు రెండు మూడు తక్కువ, పుల్లయ్యకు బాగా తక్కువ. రెడ్డికైనా మెజారిటీ, అంటే సగానికి మించి, రాలేదు.

"సగం మందికి పైగా ఒద్దన్నోడు ప్రెసిడెంటు ఎట్లయితాడు సార్? ఇద్దరిద్దర్ని నిలబెట్టి అడుగు" అన్నాడు పుల్లయ్య. అందరూ సరేనన్నారు.

రెడ్డినీ పంతులునూ నిలబెట్టాను. కిందివీధి కూడా రెడ్డికే ఎత్తింది, రెడ్డి గెలిచాడు. తర్వాత రెడ్డి, పుల్లయ్య. నడివీధికి రెడ్డి గిట్టడు, పుల్లయ్య గెలిచాడు. ఆయన మెడలో దండ పడబోతుండగా పంతులు లేచాడు.

"నన్నూ పుల్లయ్యనూ అడగనే లేదే సార్."

అడిగాను. పైవీధి పంతులు వైపు తిరిగింది. పంతులు గెలిచాడు.

రెడ్డి చేతిలో ఓడిన పంతులు, రెడ్డిని ఓడించిన పుల్లయ్యను ఓడించాడు. మళ్ళీ లెక్కపెట్టాను. తప్పు లేదు. ఎవరూ మాట మార్చలేదు.

రెడ్డి పక్కకు పిలిచాడు. "మల్లా మొదట్నుంచి అడుగు సార్. ముందు వాళ్లిద్దర్నీ నిలబెట్టు. గెలిచినోన్ని నా మీదికి పంపు."

అలా అడిగితే ముందు పంతులు గెలుస్తాడు, ఆయన రెడ్డి చేతిలో ఓడతాడు, రెడ్డే ప్రెసిడెంటు. నేను అడిగే వరుసే మనిషిని గెలిపిస్తోంది. దాచకుండా ఆ మాట అందరికీ చెప్పేశాను.

"అయితే ప్రెసిడెంటును చేసేది మేం కాదు, నువ్వా?" అన్నాడు పుల్లయ్య.

"మొదటి ఇష్టానికి రెండు మార్కులు, రెండోదానికి ఒకటి వేద్దాం" అన్నాడు పంతులు.

"మార్కులేస్తే నువ్వే గెలుస్తావని తెలిసే అంటాండావు" అన్నాడు రెడ్డి. నిజమే. మనసులో కూడి చూశాను, పంతులే వస్తాడు. ఏ పద్ధతి చూసినా ఒక న్యాయం ఉంది, ఇంకో న్యాయం పోతోంది. అప్పటికి గోడవార కట్టెలు కనబడుతున్నాయి.

చివరికి రెడ్డే అన్నాడు: "చీటీలెయ్యి సార్. దాంట్లో ఎవురి చెయ్యీ ఉండదు."

పుల్లయ్య పేరు వచ్చింది. ఎవరూ కట్టె ఎత్తలేదు. గెలిచింది చీటీ గానీ తాను కాదని, దండ వేసుకోవడానికి మాత్రం ఆయనే ఒప్పుకోలేదు.

ఊరి మాట ఒకటి ముందే ఉంటుందని, దాన్ని లెక్కపెట్టడమే నా ఉద్యోగమని అంతవరకూ నమ్మాను. తర్వాత జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా, ఎవరు నిలబడతారో తెలియకముందే ఎలా లెక్కపెట్టాలో జనంతో ఒప్పించేవాణ్ణి. పేర్లు బయటికొచ్చాక ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఎవరూ చెప్పరు.