తుప్పు చెప్పే వయసు

పలమనేరు పాలకేంద్రంలో పనిచేసే గిరిప్రసాద్‌కు జపాన్ కత్తుల పిచ్చి. పిడి ఊడదీసి, లోపలి ఇనుముకు పట్టిన తుప్పు చూసి, అడిగినా అడగకపోయినా కత్తి వయసు చెబుతాడు. తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చిన జపాన్ కత్తికి మూడు వందల ఏళ్లని తేల్చి, ఊడదీసిన పిడి మళ్లీ బిగించకుండానే బల్ల మీద పెట్టి, ఆ సంగతి ఊరందరికీ చెప్పడానికి బజారుకెళ్లాడు.

ఆ రోజు ఆయుధపూజ. తిరిగొచ్చేసరికి భార్య దేవకమ్మ దాన్ని చింతపండుతో తోమి, పసుపు కుంకుమలు పెట్టి, కొడవలి పక్కన పూజలో ఉంచింది. కత్తి మొదలంటా తళతళలాడుతోంది.

"తుప్పంతా యాడ పోయిందే? దాని వయసు చెప్పేది అదే కదా!" అని గిరిప్రసాద్ నెత్తి బాదుకున్నాడు.

దేవకమ్మ ఆ నెత్తి వైపే చూసింది. "మరి నువ్వు నెలనెలా రంగేసుకునేది దేనికంట? వయసు చెప్పుకునేదానికా?"