ఒలొమౌత్స్ చూసిన ఎండుచేపలు

అరవైల చివర్లో మా వైపు పెద్ద కార్ఖానా వస్తోందని, యంత్రాల పని నేర్చుకు రమ్మని నన్నూ బావనూ చెకొస్లొవేకియా పంపారు. నాది విజయనగరం పక్క వరి పండించే ఇల్లు. బావది శ్రీకాకుళం సముద్రపొడ్డున వేటకెళ్లే ఇల్లు. మా మధ్య చుట్టరికం లేదు. అంత దూరంలో మన యాసలో తిట్టేవాడు దొరికితే బావ కాక ఏమవుతాడు?

ఇద్దరం ఒక ముసలమ్మ ఇంట్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆమదాలవలసలో రైలెక్కించినప్పుడు బావ వాళ్లమ్మ ఎండు నెత్తళ్ల చేపల మూటొకటి అతని పెట్టెలో కుక్కింది. తిరిగి వెళ్లేదాకా రావాలని దాన్ని ప్రాణంలా పొదుపు చేసుకుంటున్నాడు. నాలుగు నెలలు గడిచాక, గదిలో ఎలుక చచ్చిందని వెతుకుతూ ముసలమ్మ ఆ మూట కనిపెట్టేసింది. ఆదివారం సాయంత్రానికల్లా చేపలైనా పోవాలి, బావైనా పోవాలి అని తేల్చి చెప్పింది.

ఆ ఆదివారమే మేం ఒలొమౌత్స్ అనే పాత ఊరు చూడ్డానికి వెళ్లాలి. “మనం అటెల్తే ముసల్ది ఇటు పారేస్తాది” అని బావ మూటను సంచిలో పెట్టి భుజాన తగిలించుకున్నాడు. అలా చేపలు కూడా యాత్రకి బయల్దేరాయి.

రైల్లో జనం ముక్కులెగరేశారు. దించేస్తారని నేను భయపడుతూంటే, ఎదురు సీటు పెద్దాయన ఇంత మొహం చేసుకుని, “ఏ ఊరి జున్ను?” అని అడిగాడు. ఆ వైపు పాలు విరగ్గొట్టి, మాగబెట్టి ఒక జున్ను చేస్తారట. దాని కంపుకి శవం లేచి కూర్చుంటుంది. వాళ్లకది గర్వకారణం. బావ సంచి మరింత దగ్గరకి లాక్కుని, గంభీరంగా తలూపాడు.

ఊరు బాగానే ఉంది. నడిబజార్లో ఆకాశాన్నంటే స్తంభం ఉంది. ఎప్పుడో మహమ్మారి తగ్గిందని కట్టించారట. “మనూల్లో అయితే అమ్మోరికి కోడిని కోసి ఊరుకుందుం” అన్నాడు బావ. అక్కడే గోడ మీది పెద్ద గడియారంలో, కమ్యూనిస్టు సర్కారు వచ్చాక, ఒకప్పటి దేవుళ్లను తీసేసి కూలీల బొమ్మలు పెట్టారు. చర్చి గోపురం ఎక్కితే దూరాన నీలంగా కొండలు కనిపించాయి. ఎంత బాగున్నాయో చూడమని బావని గుంజాను.

“దీనికింత దూరం రావాలేటి? సాలూరు కొండలకెల్తే సరిపోదా?” అన్నాడు బావ. అతని మనసంతా సాయంత్రం మీదే ఉంది.

దిగొచ్చాక అతనే దుకాణం వెతికి ఆ జున్ను కొన్నాడు. “దీన్ని ముద్దెట్టుకుంతారు గదా, నా సేపల్కేటి తక్కువొచ్చినాది? ముసల్దాన్ని అడిగేస్తాను” అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఇంటికి రాగానే జున్నూ చేపలూ ముసలమ్మ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వచ్చీరాని భాషలో, “ఇది మీ కంపు, ఇది మా కంపు” అన్నాడు. ఆవిడ వంగి అది వాసన చూసింది, ఇది వాసన చూసింది. ఇక మా పెట్టెలు వీధిలో పడతాయనుకున్నాను. ఆవిడ పొయ్యి మీద పెనం పెట్టింది.

బావ గుప్పెడు నెత్తళ్లు నూనెలో కరకరలాడించి ఇచ్చాడు. ఆవిడ ఉడికిన బంగాళాదుంపల్లో నంజుకుని తిన్నది. వేళ్లు నాక్కుంటూ, “ఎవరు ఎండబెట్టారు?” అని అడిగింది.

“మా అమ్మ.”

“మంచి చెయ్యి” అంది ముసలమ్మ.

 బావ మూటలో మిగిలిందంతా పెనంలో కుమ్మరించి, వేయించి, మొత్తం ఆవిడ పళ్లెంలోనే పెట్టాడు.

“మరి నాకు?” అన్నాను పళ్లెం చాపి.

“నువ్వు ఊరెల్లి తింతావు. పాపం, ఆవిడెక్కడ తింతాది?” అన్నాడు.

నాలుగు నెలలు ఆ కంపు పీల్చిన ముక్కు నాది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.