మామ ఏరిన రాళ్లు

ఈ ఉదయం పడమటి దిక్కున చారెడు మబ్బు కనబడింది. అంతే, టీ గ్లాసు సగంలో పెట్టేసి నాలుగుసార్లు మిద్దెక్కి దిగాను. "ఆ మబ్బుకు నువ్వు తోడు పోతావా ఏంది? కూర్చో" అని మా ఆయన విసుక్కున్నాడు. కూర్చోలేను. ఈ కాలు నిలవని గుణం నాకు కుందుర్పి పక్క పల్లెలో ఉండిన మా మేనమామ నుంచి వచ్చింది.

మామది వేరుశనగ సేద్యం. ఆయన చేని వెనకాలే గుట్ట, ఒకప్పుడు దాని నిండా నారేపి చెట్లు. కరువు ఏళ్లలో ఊరంతా ఆ ఆకు కోసి పశువులను బతికించుకుంది. మామ ఇంకాస్త ముందుకెళ్లి మొదళ్లే నరికాడు. ఎద్దులు బతికాయి, గుట్ట బోడిదైపోయింది. ముసలితనంలో అది ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. అన్నం తింటూ తింటూ లేచి వెళ్లి గుట్ట వంక చూసేవాడు. ఒక ఏడు వానలు బాగా పడి, పైన మిగిలిన ఒకే ఒక్క చెట్టు కింద వందలుగా మొలకలు లేచాయి. "ఈ మొలకల్లో మేక నోటికందనంత ఎత్తు ఒక్క చెట్టన్నా చూసి పోతా పాపా" అన్నాడు నాతో. ఆయనకు మరో కోరిక ఉన్నట్టు నేనెరగను.

దసరా సెలవులకు వెళ్లిన నన్నూ పనిలో పెట్టాడు. మొలకల చుట్టూ రాళ్లేరడమే పని. చేను చేసే మనిషికి రాయి కనబడితే చేయి ఊరుకోదు కదా! వారం రోజుల్లో సగం వాలును పెళ్లివారి వాకిలిలా నున్నగా చేశాం. నాకైతే గర్వంగా కూడా ఉండింది. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. రాళ్ల నీడ పోయిన నేల పెనంలా కాగి, మేం శుభ్రం చేసిన సగంలో మొలకలన్నీ మాడిపోయాయి. రాళ్ల సందుల్లోవి కొన్నాళ్లు పచ్చగా నిలిచి, ఎండాకాలానికి అవీ పుల్లలయ్యాయి.

అప్పుడు మళ్లీ వెళ్లిన నేను ఉండబట్టలేక ఒక పుల్లను పట్టి లాగాను. మూరెడు వేరు వచ్చి పుటుక్కున తెగింది. తెగినచోట తెల్లగా, తడిగా ఉంది.

"సచ్చిందనుకుంటివా? పైన ఎండినా వేరు లోపలికి దిగుతాండాది పాపా! ఏం పని చేస్తివి!" అని అరిచిన మామ, మరుక్షణమే తల పట్టుకుని కూలబడ్డాడు. "నిన్ను అనేదేముండాది? నరికింది నేనే, రాళ్లేరింది నేనే. ఊరికే ఇడిసిపెట్టేది నాకు చేతనయితే గదా." ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి. ఆ వేరు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

మర్నాటి నుంచి ఏరిన రాళ్లన్నీ తిరిగి గుట్టకు మోశాడు. "రాళ్లు నాటుతాండావా అన్నా?" అని ఊరు నవ్వితే, "ఔనప్పా, మీ చేన్లో ఉంటే అవీ ఈండి" అనేవాడు. తొలకరికి ఎండిన పుల్లల మొదట్లో చిగురొచ్చింది. మళ్లీ ఎండింది, మళ్లీ వచ్చింది. ఆయన పోయేనాటికి ఒక్కటీ మోకాలెత్తు దాటలేదు.

ఈ పొద్దు మబ్బు ఎటో పోయింది. అయినా ఈ వయసులో బస్సెక్కి గుట్టకు వెళ్లాను. మామ పేర్చిన రాళ్ల మధ్య ఒక మొక్క నా భుజం దాకా వచ్చింది. పక్కనే ఒక మేక ముందుకాళ్లెత్తి దాని చిగురు అందుకోబోతుంటే అదిలించి, చేత్తో కొలిచి చూశాను. మేక నోరు దాటడానికి ఇంకా మూరెడు కావాలి, ఆనాడు నేను తెంపిన వేరంత. ఆ మూరెడుకు ఎన్నేళ్లు పడుతుందో, అన్నేళ్లు నా దగ్గర ఉన్నాయో లేవో.