బస్సులో బిడ్డకు మూర్ఛ

తొంభైలలో ఒక వేసవిలో, ఏడాది నిండిన మనవరాలికి తలనీలాలు తీయించడానికి చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వెళ్తున్నాం. దారిలో జ్వరం పెరిగి, పాప నా ఒడిలోనే కళ్లు తేలేసి కొట్టుకోసాగింది. నా భార్య పాప గుప్పిట్లో ఇనుప తాళాలు పెట్టింది. వెనక సీటాయన పాప నోట్లో పెట్టడానికి చెంచా తీశాడు.

"నోట్లో ఏం పెట్టొద్దప్పా! పక్కకు తిప్పి పండబెట్టండి" అంటూ ఒక డాక్టరమ్మ లేచి వచ్చింది.

"బిడ్డ ఇట్లా కొట్టుకుంటాంటే సూస్తా కూసోమంటావా తల్లీ?" అని నా భార్య ఏడ్చింది.

"కూసోవాల్సిందే అవ్వా. జ్వరంతో వచ్చే మూర్ఛ చాలావరకు దానంతటదే ఆగిపోతాది. ఆగకుంటే ఆస్పత్రికి పోదాం."

కాసేపటికి కొట్టుకోవడం ఆగి, పాప గట్టిగా ఏడ్చింది. మాకు ప్రాణం లేచి వచ్చింది.

ఉద్యోగంలో కష్టమైన పనులు ఎన్నో చేశాను. ఆ బిడ్డ పక్కన ఏమీ చేయకుండా కూర్చోవడమంత కష్టమైనది మరొకటి లేదు.